పాత వ్యాను లోపల ఇల్లు కట్టుకునేవారికి: మేడ్చల్, శామీర్‌పేట వాసులు తరచూ అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో కారవాన్ అంటే షూటింగుల దగ్గర తారలు విశ్రమించే బండి అని అందరికీ తెలుసు. ఈ జవాబులు ఆ బండ్ల గురించి కావు. సొంత అవసరానికి ఒక పాత వ్యాను కొని, లోపల పడుకోవడానికి, వండుకోవడానికి ఏర్పాట్లు చేయించుకోదలచిన కుటుంబాల కోసం రాసినవి. సలహా కోసం వచ్చేవారిలో ఎక్కువమంది పని పూర్తయ్యాకే వస్తారు. అప్పటికి పాత సీట్లు తుక్కు కొట్టుకు వెళ్లిపోయి ఉంటాయి, మంచం రేకుకు బిగించి ఉంటుంది. ఆ దశలో న్యాయవాది చేయగలిగింది తక్కువ. అందుకే ప్రశ్నలను పని జరగవలసిన వరుసలోనే పెట్టాను.

ఈ జవాబుల్లో ‘చట్టం’ అంటే మోటారు వాహనాల చట్టం, 1988. ‘నియమావళి’ అంటే కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989. ‘యజమాని’ అంటే ఆర్‌సీలో పేరున్న వ్యక్తి. ‘రిజిస్ట్రేషన్ అధికారి’ అంటే యజమాని నివాసానికి సంబంధించిన రవాణా శాఖ అధికారి. మేడ్చల్, శామీర్‌పేట మండలాల వారికి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా రవాణా కార్యాలయం. ‘మార్పు’ అంటే చట్టం సెక్షన్ 52 వివరణలో చెప్పిన అర్థంలోనే. ‘వింటేజ్ నమోదు’ అంటే 2021 జులైలో నియమావళిలో చేర్చిన ప్రత్యేక రిజిస్ట్రేషన్. ఇవి సాధారణ సమాచారం మాత్రమే. మీ కాగితాలు చూడకుండా మీ కేసుకు ఎవరూ కచ్చితమైన సలహా ఇవ్వలేరు.

1. పాత వ్యాను దొరికింది. బయానా ఇచ్చే ముందు ఏం చూడాలి?

ఆర్‌సీ. ఇంజిన్ శబ్దం, తుప్పు, టైర్లు ఆ తర్వాత. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, బాడీ రకం, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు, రంగు, ఫైనాన్స్ నమోదు ఉంటాయి. ఒక్కొక్కదాన్ని వాహనంతో సరిచూడండి. ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. పాత వ్యాన్లలో ఈ నంబరు తుప్పు పొర కింద సగం మాసిపోయి ఉంటుంది. అంకె తెలియడం లేదని సాన పట్టించకండి, గీకించకండి, మళ్లీ కొట్టించకండి. అచ్చు అస్పష్టంగా ఉంటే కొనుగోలు ఆపి, అమ్మేవారినే రిజిస్ట్రేషన్ అధికారి వద్ద తేల్చుకొమ్మనండి.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలోనిది. కాబట్టి ఇక్కడి పాత బండ్ల మీద ఏపీ 28 కనిపిస్తుంది. అది తెలంగాణ వాహనమే. ఏపీ 16 ఉంటే అది కృష్ణా జిల్లాలో రిజిస్టరైన వాహనం. నేడది వేరే రాష్ట్రం కనుక అక్కడి రిజిస్ట్రేషన్ అధికారి నుంచి ఫారం 28లో నిరభ్యంతర పత్రం కావాలి.

2. యాజమాన్య బదిలీకి గడువు ఎంత?

రాష్ట్రంలోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో బదిలీ కోరాలి (సెక్షన్ 50, ఫారం 29, ఫారం 30). బదిలీ పూర్తయ్యేవరకు మీరు ఈ జవాబుల అర్థంలో ‘యజమాని’ కారు. లోపలి పని మొదలుపెట్టకండి. ఫైనాన్స్ నమోదు ఉంటే ఫైనాన్షియర్ లిఖితపూర్వక సమ్మతి తీసుకోండి, లేదా ఫారం 35తో ఆ నమోదు తొలగించాకే పని చేయించండి.

3. ఆర్‌సీ గడువు తీరిపోయింది. పునరుద్ధరిస్తారా?

సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. తర్వాత 5 సంవత్సరాల చొప్పున పునరుద్ధరించవచ్చు (సెక్షన్ 41). ఫారం 25 దరఖాస్తు, తనిఖీ, రుసుము, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. రుసుము 2025 ఆగస్టులో బాగా పెరిగింది: 20 ఏళ్లు దాటిన లైట్ మోటారు వాహనానికి 10,000 రూపాయలు, విదేశాల నుంచి దిగుమతి చేసుకున్నదైతే 80,000 రూపాయలు. కట్టే రోజున మళ్లీ సరిచూసుకోండి.

రెండు జాగ్రత్తలు. గడువు తీరిన రిజిస్ట్రేషన్ వేరు, రద్దయిన రిజిస్ట్రేషన్ వేరు. తుక్కుగా నమోదై రద్దయిన వాహనాన్ని లోపల ఎంత అందంగా చేయించినా రోడ్డెక్కించలేరు. రెండోది: పునరుద్ధరణ తనిఖీ లోపలి పనికి ముందే పూర్తి చేయండి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చూసేటప్పుడు వాహనం ఆర్‌సీలో ఉన్నట్టుగానే ఉండాలి.

4. ఢిల్లీలో 10, 15 ఏళ్ల పరిమితి ఉందంటారు. ఇక్కడ వర్తిస్తుందా?

లేదు. అది దేశ రాజధాని ప్రాంతానికి సంబంధించిన ఆదేశం. అయితే వాహనాన్ని అటు తీసుకువెళ్లదలిస్తే బయలుదేరే నాటికి అమల్లో ఉన్న ఆదేశాన్ని చూసుకోండి. ఇక్కడ తప్పనిసరి అయినది కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం. బీఎస్–4కు ముందటి వాహనాలకు అది 6 నెలలే చెల్లుతుంది.

5. నా వ్యాను ‘వింటేజ్’ అవుతుందా?

ఎవరి లెక్కలో అన్నది ముందు చూడాలి. వింటేజ్ నమోదుకు మూడు షరతులు: మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 సంవత్సరాలు దాటాలి, వాణిజ్య వినియోగంలో ఉండరాదు, అసలు రూపంలో ఉండాలి, అంటే ఛాసిస్‌లోగాని, బాడీ షెల్‌లోగాని, ఇంజిన్‌లోగాని చెప్పుకోదగిన మరమ్మతు మార్పులు జరిగి ఉండరాదు. నాలుగు చక్రాల వాహనాల్లో ఎం1 వర్గానికే, అంటే డ్రైవరు కాక 8 సీట్లకు మించనివాటికే ఈ నమోదు. బజాజ్ టెంపో వారి మాటడార్‌ను మనవారు చాలామంది గుర్తుపెట్టుకున్నారు. మినీబస్సుగా, 12 సీట్లతో రిజిస్టరైన మాటడార్‌కు 50 ఏళ్లు నిండినా వింటేజ్ నమోదు రాదు. ఫోక్స్‌వాగన్ టైప్ 2 వంటి వ్యాను సీట్ల లెక్కలో నిలిస్తే రావచ్చు.

బీమాకు సంబంధించిన ఇండియన్ మోటార్ టారిఫ్‌లో వింటేజ్ కారు అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారైనది. కాబట్టి రవాణా శాఖ వింటేజ్ అన్న వాహనాన్ని బీమా సంస్థ ఆ పేరుతో గుర్తించకపోవచ్చు. అమ్మేవారి మాటల్లో ‘వింటేజ్’కు చట్టపరమైన అర్థమేమీ లేదు.

6. వింటేజ్ నమోదు చేయించి, లోపల మంచం, వంటగది పెట్టుకుని ఊళ్లు తిరగవచ్చా?

తిరగరాదు. ఈ జవాబు చాలామందిని నిరాశపరుస్తుందని తెలుసు. వింటేజ్ నమోదు పొందిన వాహనాన్ని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు, వాటికి వెళ్లి రావడానికి మాత్రమే రోడ్డెక్కించవచ్చు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. శామీర్‌పేట నుంచి అరకు వెళ్లి నాలుగు రాత్రులు గడపడం ఈ జాబితాలో లేదు.

కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే తేల్చుకోవలసింది ఇదే. ఈ వాహనం చూపించడానికా, తిరగడానికా? చూపించడానికైతే లోపలి పనిని అసలు నమూనాకే పరిమితం చేయండి. అదే కొలత సీట్లు, అదే కుట్టు, అదే రంగు రెక్సిన్. కొత్తగా గట్టు, సింకు, మంచం బిగిస్తే, వింటేజ్ దరఖాస్తులను చూసే రాష్ట్ర కమిటీ పరిశీలనలో ‘అసలు రూపం’ ప్రశ్నార్థకమవుతుంది. తిరగడానికైతే వింటేజ్ నమోదు కోరకండి. సాధారణ రిజిస్ట్రేషన్‌నే కాపాడుకోండి.

వింటేజ్ నమోదు కోరేవారికి: దరఖాస్తు ఫారం 20లో, బీమా పాలసీ, పాత ఆర్‌సీ, దిగుమతి వాహనమైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ జతచేసి ఇవ్వాలి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకు 5,000 రూపాయలు. 60 రోజుల్లో ఫారం 23–ఎలో ధ్రువపత్రం ఇవ్వాలి. అది 10 సంవత్సరాలు చెల్లుతుంది. ఇప్పటికే రిజిస్టరైన వాహనం పాత నంబరునే ఉంచుకోవచ్చు.

7. లోపలి పనే కదా. దానికి కూడా రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలా?

పనిని బట్టి ఉంటుంది. సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. అదే సెక్షన్ వివరణలో ‘మార్పు’ అంటే వాహన నిర్మాణంలో జరిగే, దాని మౌలిక లక్షణాన్ని మార్చివేసే మార్పు అని ఉంది. 2019 జనవరి 9న ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగానే చదివింది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదంది.

దీన్నిబట్టి నేను పనులను మూడుగా విడదీసి చూస్తాను. సీట్ల కుషన్లు, రెక్సిన్, పైకప్పు లోపలి గుడ్డ, నేల మీద మ్యాట్, అదే స్థానంలో అదే రకం దీపం: ఇవి మరమ్మతులు, సాధారణంగా మార్పు కిందికి రావు. సీట్లు తీసేయడం, సీట్ల దిశ తిప్పడం, రేకు కోసి కొత్త కిటికీ పెట్టడం, పైకప్పు ఎత్తు పెంచడం, అడ్డగోడ కట్టడం: ఇవి మార్పే, లేదా మార్పు అనిపించుకునే ప్రమాదం ఉన్నవి. ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా వీటిని ముట్టుకోకండి. ఈ రెంటి మధ్యలో పడేవి పైకప్పు మీద సోలార్ ప్యానెల్, నేలకు బోల్టులతో బిగించిన అల్మారా వంటివి. వీటికి పని బొమ్మ, కొలతలు, బరువుతో రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు రాసి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి. కౌంటరు దగ్గర ‘ఏం కాదులెండి’ అన్న మాట అనుమతి కాదు.

అనుమతించిన మార్పు జరిగాక 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి, ఆర్‌సీ సమర్పించి, రుసుము కట్టి వివరాలు ఎక్కించుకోవాలి. గమనించండి: 14 రోజుల్లో తెలియజేసినంత మాత్రాన నిషిద్ధమైన మార్పు సక్రమం కాదు.

8. వెనక సీట్లు తీసేసి మంచం వేస్తే ఎవరికి తెలుస్తుంది?

ప్రమాదం జరిగిన రోజున అందరికీ తెలుస్తుంది. సీట్ల సంఖ్య ఆర్‌సీలో ఉంది. 9 సీట్ల వాహనంలో 4 సీట్లే ఉంటే ఆ వివరం తప్పినట్టే. అంతకన్నా ముఖ్యం, నడుస్తున్న వాహనంలో మంచం మీద పడుకున్న పిల్లవాడికి సీటు బెల్టు ఉండదు. ముందు సీట్లలోనూ, ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లలోనూ కూర్చున్నవారు బెల్టు పెట్టుకోవాలని నియమావళి చెబుతోంది. వాహనం కదులుతున్నంతసేపూ అందరూ రిజిస్టరైన సీట్లలోనే కూర్చోవాలి. మంచం బండి ఆగాకే.

9. ప్లైవుడ్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ పెడితే బరువు సమస్య అవుతుందా?

అవుతుంది. దీన్ని లెక్క వేసేవారు అరుదు. ఖాళీ బరువు అంటే ఏమీ లేని బండి బరువు కాదు. చట్టంలో దాని అర్థం: వాహనంతో మామూలుగా వాడే పరికరాలన్నిటితో కలిపిన బరువు, డ్రైవరును మినహాయించి. బిగించిన అల్మారా ఆ లెక్కలోకే వస్తుంది. సెక్షన్ 113(3) ప్రకారం ఆర్‌సీలోని ఖాళీ బరువును మించిన వాహనాన్నిగాని, లోడుతో స్థూల బరువును మించిన వాహనాన్నిగాని నడపరాదు. శిక్ష సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయలు.

ఒక మామూలు పని లెక్కే చూడండి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ షీటు ఒక్కోటి 30 కిలోలు దాటుతుంది. మంచం, అల్మారా, గట్టు కలిపి ఆరు షీట్లు పడితే దాదాపు 200 కిలోలు. వంద లీటర్ల నీళ్లు 100 కిలోలు. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ ట్యూబులార్ బ్యాటరీ 50 కిలోలకు పైనే. ఇంకా స్టవ్, పరుపులు, బట్టలు లెక్కలోకి రాకముందే 350 కిలోలు, అంటే ఐదుగురు పెద్దవాళ్ల బరువు. నలభై ఏళ్లనాటి స్ప్రింగు కమ్మీల మీద, ఒకే పక్కన.

చేయవలసింది: పనికి ముందు ఒకసారి, పని మధ్యలో ఒకసారి, ట్యాంకు నిండుగా ఉండగా ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించి మూడు చీటీలూ ఆర్‌సీ నకలుతో కలిపి దాచండి. సందర్భాన్ని బట్టి ముందు ఇరుసు, వెనక ఇరుసు విడిగా తూయించండి. 18 మిల్లీమీటర్ల షీటు అవసరమైన చోట తప్ప 9 లేదా 12తో సరిపెట్టమని వడ్రంగికి ముందే చెప్పండి.

10. మరి చట్టం ఒప్పుకునే దారి ఏదీ లేదా?

ఉన్నవి రెండు. మొదటిది, వాహనాన్ని ‘మోటార్ కారవాన్’గా నమోదు చేయించడం. భారత వాహన ప్రమాణాల్లో మోటార్ కారవాన్‌కు నిర్వచనం ఉంది: కూర్చునే సీట్లు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాను అరలు వాహనంలో స్థిరంగా బిగించి ఉండాలి, బల్ల మాత్రం తీయదగినదై ఉండవచ్చు. దీనికి ఏఐఎస్–124 ప్రమాణం, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరణ అవసరం. కొత్త వాహనాల మీద కారవాన్లు కట్టే సంస్థలకు ఇది సాధ్యమే. ఒక్క పాత వాహనానికి, అదీ విడిభాగాలే దొరకని దానికి, ఈ ధ్రువీకరణ తేవడం కష్టమైన, ఖర్చుతో కూడిన పని. ఎవరైనా ‘ఆర్‌సీలో కారవాన్ అని ఎక్కించి ఇస్తాం’ అంటే ధ్రువపత్రం నకలు ముందు చూపించమనండి.

రెండోది, నేను ఎక్కువమందికి చెప్పేది: వాహనాన్ని ఆర్‌సీలో ఉన్నట్టే ఉంచి, లోపలి ఏర్పాట్లను తీసి పెట్టదగినవిగా చేయించడం. సీట్లు వాటి చోటే ఉంటాయి. మడతపెట్టిన సీట్ల మీద పరిచే పలకలు, వెనక డిక్కీలో పెట్టె రూపంలో వంట సామాను, తీసుకెళ్లగలిగే బ్యాటరీ. రేకుకు కొత్త రంధ్రం పడదు, సీటు కదలదు, బాడీ మారదు. ఈ పెట్టెలు చట్టం దృష్టిలో సామానే. అయినా మూడు షరతులు: మొత్తం బరువు స్థూల బరువుకు లోబడాలి, బ్రేకు వేసినప్పుడు పెట్టె ముందుకు దూసుకురాకుండా బెల్టులతో కట్టాలి, తలుపులకు అడ్డం రాకూడదు. ఇన్‌స్పెక్టర్ వేరే అభిప్రాయానికి రావచ్చు. అందుకే పెట్టెలు ఉన్నప్పటివి, తీసినప్పటివి తేదీ పడేలా ఫొటోలు ఉంచుకోండి.

11. అనుమతి లేని మార్పుకు శిక్ష ఏమిటి?

సెక్షన్ 182–ఎ(4) కింద యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను గమనించండి. వాహనం నిబంధనలకు అనుగుణంగా లేదని తేలితే సెక్షన్ 53 కింద రిజిస్ట్రేషన్‌ను నిలిపివేయవచ్చు. కాని అంతకుముందు మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నోటీసు వస్తే గడువులోగా లిఖితపూర్వకంగా జవాబివ్వండి.

12. లోపల గ్యాస్ స్టవ్ పెట్టుకోవచ్చా?

ఇంటి కనెక్షన్‌కు ఇచ్చే 14.2 కిలోల సిలిండరు ఆ చిరునామాలోని వంటింటి కోసం. దాన్ని వాహనంలో బిగించకండి. గుర్తింపు కార్డు చూపించి 5 కిలోల ఫ్రీ ట్రేడ్ సిలిండరు కొనవచ్చు. ఇండియన్ ఆయిల్ దాన్ని ‘ఛోటూ’ పేరుతో అమ్ముతోంది. వంట వాహనం ఆపి, తలుపులు తెరిచి, వీలైతే బయట చేయండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేలమట్టంలో పేరుకుంటుంది. కాబట్టి పైన కిటికీ తెరిచి ఉందన్న ధైర్యం చాలదు, సిలిండరు దగ్గర కింద గాలి పోయే దారి ఉండాలి. ప్రయాణంలో రెగ్యులేటరు తీసి, మూత బిగించి, సిలిండరు నిలువుగా కట్టండి. పడుకునేముందు స్టవ్ మాత్రమే కాదు, సిలిండరు కూడా ఆపేయాలి.

13. ప్లైవుడ్, గుడ్డ, వైరింగ్ విషయంలో ఏ ప్రమాణాలు అడగాలి?

తడికి ఐఎస్ 710 రకం ప్లైవుడ్, మంట దగ్గర ఐఎస్ 5509 మంట నిరోధక ప్లైవుడ్, సీటు గుడ్డకు ఐఎస్ 15061. బిల్లు మీద ఈ నంబర్లు రాయించండి. కొత్త వైరింగ్‌కు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. పొడి రసాయన అగ్నిమాపకం చేతికందేచోట పెట్టండి, మంచం కింద కాదు.

14. రాత్రి పడుకోవడానికి అద్దాలకు నల్ల ఫిల్ములు వేయించవచ్చా?

వేయించకండి. ముందు, వెనక అద్దాల నుంచి 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు పోవాలి. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను నిషేధించింది. తర్వాత నియమావళిలో భద్రతా గ్లేజింగ్‌కు వీలు కల్పించారు గాని, అది ప్రమాణాలకు లోబడిన సామగ్రికే. ఆగినప్పుడు లోపలి నుంచి అతికించి, బయలుదేరేముందు తీసేసే గుడ్డ తెరలు సరిపోతాయి.

15. బీమా సంస్థకు చెప్పాలా?

చెప్పాలి, పని మొదలుపెట్టేముందే, ఈమెయిల్ ద్వారా. ఇతరులకు కలిగే నష్టానికి బీమా సెక్షన్ 146 కింద తప్పనిసరి. మీ సొంత నష్టానికి తీసుకున్న పాలసీలో దాచిన మార్పు క్లెయిమును నిరాకరించడానికి, తగ్గించడానికి కారణం కావచ్చు. కొత్తగా పెట్టిన విద్యుత్ పరికరాల విలువను పాలసీలో చేర్పించకపోతే అవి పోయినప్పుడు రావు.

16. లైట్ మోటారు లైసెన్సు సరిపోతుందా?

స్థూల బరువు 7,500 కిలోలు దాటని వాహనానికి సరిపోతుంది. పాత బస్సు కొన్నవారు ఈ అంకె చూసుకోవాలి.

17. వారాంతాల్లో అద్దెకు ఇవ్వవచ్చా?

తెల్ల ప్లేటుతో ఇవ్వరాదు. అద్దెకు వాడితే అది రవాణా వాహనం, సెక్షన్ 66 కింద పర్మిట్ కావాలి. పర్మిట్ లేకుంటే సెక్షన్ 192–ఎ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు. ‘డీజిల్ ఖర్చు మాత్రమే తీసుకున్నా’నని చెప్పేవారు, తీసుకున్న డబ్బుకు లెక్క చూపవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి.

18. శామీర్‌పేట చెరువు దగ్గర రాత్రి ఆపుకుని పడుకోవచ్చా?

స్థలం ఎవరిదన్నదే ప్రశ్న. ప్రైవేటు స్థలమైతే యజమాని అనుమతి, అటవీ స్థలమైతే అటవీ శాఖ అనుమతి కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద విశ్రాంతి కోసం ఆపరాదు. రాజీవ్ రహదారి, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఇతరులకు ప్రమాదం కలిగేలా నిలపడం సెక్షన్ 122 కింద నేరం. సింకు నీళ్లు, మరుగుదొడ్డి వ్యర్థం చెరువులోకిగాని, దానికి పారే కాలువలోకిగాని వదలకండి. నీటి కాలుష్య నివారణ చట్టం, 1974 సెక్షన్ 24 దీన్ని నిషేధిస్తోంది. ఇల్లు చేరాక మీ సొంత డ్రైనేజీలో పోసేందుకు వీలుగా మూత ఉన్న డబ్బా పెట్టించుకోండి. ఇందులో నేను ఏ మినహాయింపూ సూచించను. ఆ చెరువును చూసి బతికే ఊళ్లున్నాయి.

19. షెడ్డువాళ్లు అడ్వాన్సు తీసుకుని ఏడు నెలలుగా బండి ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

ముందు మీ దగ్గర కాగితం ఉందో లేదో చూడండి. చాలా కేసుల్లో ఉండేది ఫోన్ సందేశాలు, ఆన్‌లైన్ చెల్లింపు వివరాలు మాత్రమే. అవి కూడా సాక్ష్యమే. చెరిపేయకండి.

షెడ్డు యజమానికీ ఒక హక్కు ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 170 ప్రకారం, అప్పగించిన వస్తువు మీద ఒప్పుకున్న విధంగా శ్రమ, నైపుణ్యం వినియోగించిన వ్యక్తి తన కూలి అందేవరకు దాన్ని ఉంచుకోవచ్చు. అయితే ఆ హక్కు ఆ వస్తువుపై చేసిన ఆ పనికి సంబంధించిన సొమ్ముకే. పని చేయకుండా, లేదా మీ వేరే బండి బాకీ పేరుతో దీన్ని ఆపుకోవడానికి ఆ సెక్షన్ అండగా నిలవదు. బండి తన దగ్గర ఉన్నంతకాలం, మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవలసిన బాధ్యత అతనిది (సెక్షన్ 151). వానలో తలుపులు తీసి వదిలేస్తే దానికి జవాబుదారీ అతనే.

వరుస ఇది. జరిగిన పని, జరగని పని ఫొటోలు తీయండి. ఒప్పుకున్న బాకీ ఉంటే, ఆక్షేపణతో కడుతున్నానని రాసి కట్టి బండి తెచ్చుకోవడం చాలాసార్లు మేలు. బండి చేతికొచ్చాక నష్టపరిహారం అడగవచ్చు. స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఆ గడువు చట్టం పెట్టింది కాదు, సముచితమైన గడువు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి, లేదా నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. షెడ్డు ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్ పరిధి. 5 లక్షల వరకు రుసుము లేదు. గడువు, వివాద కారణం తలెత్తిన రోజు నుంచి 2 సంవత్సరాలు. ‘వచ్చే నెల ఇస్తాం’ అన్న మాటల మీద ఈ గడువు ఆగుతుందని అనుకోకండి.

కొత్తగా పని ఇచ్చేవారు ఒకే పేజీ ఒప్పందమైనా రాయించుకోండి: పనుల జాబితా, ప్రతి పనికి ధర, ప్లైవుడ్ మందం, పూర్తి చేసే తేదీ, దశలవారీ చెల్లింపు, తీసిన పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలన్న షరతు. ఈ చివరి షరతు మరవకండి. పాత సీట్లు, వాటి బోల్టులు మీ దగ్గరుంటే వాహనాన్ని ఎప్పుడైనా ఆర్‌సీ స్థితికి తేవచ్చు. పోతే, ఆ కొలతకు మళ్లీ దొరకవు.

20. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి నిరాకరించారు. అప్పీలు ఉందా?

ఉంది. సెక్షన్ 57 కింద, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో నిర్దేశిత అధికారికి అప్పీలు చేయవచ్చు. కాబట్టి నిరాకరణను కారణాలతో సహా లిఖితపూర్వకంగా అడగండి. ఉత్తర్వు అందిన తేదీని కవరు మీద రాసి ఉంచండి. ఏ జవాబూ రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మీ దరఖాస్తు ఏ దశలో ఉందో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అప్పీలు గడువు మాత్రం దానికోసం ఆగదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులకు ఆదాయ పరిమితికి లోబడి ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు ఆర్‌సీ, బీమా పాలసీ, తూకం చీటీలు, ఫొటోలు, షెడ్డు ఒప్పందం ఒకే ఫైల్లో తెచ్చుకోండి.